పాతబడిన ఊలాంగ్: చేసిన చెయ్యి, దాచిన చెయ్యి

టీ ఆకుకు ఆయుష్షు తక్కువ. గ్రీన్ టీ ఏడాది తిరిగేసరికి పచ్చిదనం పోయి ఎండుగడ్డి రుచికి దిగుతుంది. మన ఇళ్లలో పాలు పోసి మరిగించే టీ పొడి కూడా మూత సరిగా పెట్టకపోతే కొన్ని నెలలకే పస తగ్గుతుంది. మరి తైవాన్‌లో 1980లలో చేసిన ఒక ఊలాంగ్ ఇవాళ మరిగే నీళ్లు తగలగానే చందనం, ఎండు రేగుపండు, ముదురు బెల్లం వాసనలతో నిద్రలేస్తుందంటే, పోసిన ప్రతి విడతకూ ఇంకాస్త తియ్యనవుతుందంటే ఎలా నమ్మడం?

కాలం మహిమ అని సరిపెట్టుకుంటే ఆ టీ చేసినవాళ్లకు అన్యాయం చేసినట్టే. కాలం ప్రతి ఆకునూ మారుస్తుంది. ఆ మార్పు చెడువైపు సాగకుండా మంచివైపు సాగాలంటే, ఆకు కోసిన రోజు నుంచి జాడీ మూత తీసే రోజు దాకా ఎవరో ఒకరు జాగ్రత్త పడుతూనే ఉండాలి. పాతబడిన ఊలాంగ్ ఇద్దరి పనితనం. ఒకరు నిప్పు మీద దాన్ని సిద్ధం చేసినవారు, మరొకరు ఏళ్ల తరబడి తేమ తగలనివ్వకుండా కాపాడినవారు. వీళ్లిద్దరిలో ఏ ఒక్కరు పొరపాటు చేసినా మిగిలేది పాత చెత్తే.

డాంగ్‌డింగ్ కొండ

ఊలాంగ్ గ్రీన్ టీకి, బ్లాక్ టీకి నడుమ నిలిచే టీ. మూడింటికీ మొక్క ఒకటే, కెమెలియా సైనెన్సిస్. కోసిన ఆకు రసాలు గాలిలోని ఆక్సిజన్‌తో ఎంతవరకు కలిశాయన్న దాంట్లోనే తేడా. గ్రీన్ టీలో ఆ మార్పును మొదట్లోనే వేడితో ఆపేస్తారు. బ్లాక్ టీలో చివరిదాకా సాగనిస్తారు. ఊలాంగ్‌లో నడిమధ్య ఎక్కడో ఆపుతారు. ఎక్కడ ఆపాలో ఆ రోజు ఎండ, గాలి, ఆకు ముదురుదనం చూసి మనిషి తేల్చుకోవలసిందే.

ఈ విద్య పుట్టిల్లు చైనాలోని ఫుజియన్ రాష్ట్రం, ముఖ్యంగా వుయీ కొండలు. అక్కడ టీని నిల్వచేసి తాగడం మీద మోజు ఈనాటిది కాదు. 17వ శతాబ్దంలో ఫుజియన్‌లో అధికారిగా పనిచేసిన చౌ లియాంగ్‌గోంగ్ ఆ ప్రాంతపు టీ గురించి పద్యాలు రాశాడు. దాచి ఉంచిన టీకి మూడింతల ధర పలికేదని వాటి వల్ల తెలుస్తోంది. అంటే చేసిన వెంటనే తాగే టీ కంటే కొంతకాలం ఆగిన టీ మేలన్న ఎరుక ఆనాటికే అక్కడి జనంలో ఉంది.

ఫుజియన్ నుంచి వలస వచ్చినవాళ్లతోపాటు ఆ మొక్కలూ, ఆ విద్యా సముద్రం దాటి తైవాన్ చేరాయి. ద్వీపం నడిబొడ్డున నాన్‌టౌ జిల్లా ఉంది. ఆ జిల్లాలో లుగు అనే కొండప్రాంతపు ఊరు, ఆ ఊరి పక్కన ఎనిమిది వందల మీటర్లు కూడా లేని డాంగ్‌డింగ్ కొండ. 1855లో లిన్ ఫెంగ్‌చీ అనే ఆ ఊరి పండితుడు పరీక్ష రాయడానికి ఫుజియన్ వెళ్లి, తిరిగి వస్తూ వుయీ నుంచి 36 టీ మొక్కలు తెచ్చాడని లుగులో కథగా చెప్పుకుంటారు. కథ సంగతి ఎలా ఉన్నా, తైవాన్ ఊలాంగ్ అనగానే ముందుగా గుర్తొచ్చే పేర్లలో డాంగ్‌డింగ్ ఒకటి. ఇక్కడ ఎక్కువగా పెంచే మొక్క చింగ్‌షిన్ ఊలాంగ్ అనే రకం.

తైవాన్ టీ లోకానికి తెలిసింది ఎగుమతుల వల్ల. 1869లో జాన్ డాడ్ అనే బ్రిటిష్ వ్యాపారి రెండు ఓడల్లో తైవాన్ ఊలాంగ్‌ను ఫార్మోసా ఊలాంగ్ పేరుతో నేరుగా న్యూయార్క్ పంపాడు. ఆ తర్వాత నూరేళ్లు ద్వీపంలో పండిన టీలో ఎక్కువ భాగం బయటికే పోయింది. 1970లలో పరిస్థితి తిరగబడింది. తైవాన్‌లో కూలీల వేతనాలు పెరిగాయి, విదేశీ మార్కెట్లో పోటీ తట్టుకోవడం కష్టమైంది. అదే సమయంలో సొంత జనం చేతిలో డబ్బు ఆడింది. రైతులు ఇంటివైపు తిరిగారు. లుగు రైతు సంఘం 1976లో టీ పోటీలు మొదలుపెట్టింది. గెలిచిన టీకి మంచి ధర రావడంతో ప్రతి ఇంటా పనితనం పదునెక్కింది. ఇప్పటికీ ఆ పోటీలకు వేల సంఖ్యలో నమూనాలు వస్తాయి.

ఇవాళ మనం తాగగలిగే మంచి పాత డాంగ్‌డింగ్‌లో చాలావరకు ఆ కాలం నాటిదే. దాచాలని దాచింది కొంత, అమ్ముడుపోక అటక మీద మిగిలిపోయింది కొంత. అమ్ముడుపోని సరుకు కూడా నిలిచిందంటే కారణం ఒక్కటే: ఆ రోజుల్లో మామూలు టీని సైతం నిలవ ఉండేటంత గట్టిగా చేశారు.

ఆకు అంచున ఎరుపు

డాంగ్‌డింగ్ లాంటి ఊలాంగ్‌కు లేత మొగ్గలు పనికిరావు. చివరి మొగ్గ విచ్చుకుని ఆకుగా మారబోయే దశలో, మూడు నాలుగు ఆకులున్న రెమ్మను కోస్తారు. లేత ఆకులో సువాసనకు మూలమైన పదార్థాలు తగినంత ఉండవు, తర్వాత పెట్టే నిప్పుకు అది తట్టుకోదు కూడా. పాతబడ్డాక నిలిచే ఒడ్డూ పొడుగూ ఇక్కడే మొదలవుతుంది.

కోసిన ఆకును ఎండలో గుడ్డల మీద పలుచగా పరుస్తారు. కాడ మెత్తబడి, ఆకు మెరుపు తగ్గాక నీడకు చేరుస్తారు. అక్కడ వెదురు చేటల్లో పోసి, గంటకో రెండు గంటలకో ఒకసారి రెండు చేతులతో ఎత్తి కలుపుతారు. మొదటి విడతల్లో చెయ్యి పూలను తాకినంత మెత్తగా కదలాలి. రాత్రి గడిచేకొద్దీ కదలిక బలం పుంజుకుంటుంది. ఆకు ఆకుతో రాసుకుని అంచులు నలుగుతాయి. నలిగిన చోట గాలి సోకి ఎరుపెక్కుతుంది, నడుమ పచ్చగానే ఉంటుంది. గదిలో పచ్చి ఆకు వాసన పోయి ముందు పూల వాసన, తర్వాత పండు వాసన లేస్తుంది.

ఏ వాసన దగ్గర ఆపాలన్నది చేసేవారి నిర్ణయం. పూల దగ్గరే ఆపితే టీ ఘుమఘుమలాడుతుంది కానీ ఆ పరిమళం పైపైనే ఉంటుంది, నెలల్లో ఎగిరిపోతుంది. పండు దాకా సాగనిస్తే ఆ క్షణాన కొంత సొగసు తగ్గినా ఆకులో లోతు మిగులుతుంది. పాతకాలపు డాంగ్‌డింగ్‌ను సుమారు మూడో వంతు దాకా మారనిచ్చేవారు. ఇప్పటి పచ్చటి ఊలాంగ్‌లతో పోలిస్తే అది చాలా ఎక్కువ.

తర్వాత వేడి డ్రమ్ములో వేసి మార్పును ఆపేస్తారు. ఆకును గుడ్డలో మూటగట్టి, మెలితిప్పి, బంతిలా బిగించి దొర్లిస్తారు. విప్పి, కాస్త వేడి చూపించి, మళ్లీ మూటగడతారు. ఇలా ఎన్నోసార్లు చేశాక ఆకు తనలోకి తాను ముడుచుకుని గింజలా అవుతుంది. ఒకప్పుడు ఇదంతా చేతులతో, కాళ్లతో చేసిన పని. అందుకే 1970లు, 1980ల నాటి డాంగ్‌డింగ్ గింజలు సగం చుట్టుకున్నట్టు వదులుగా కనిపిస్తాయి. యంత్రాలతో బిగించిన ఇప్పటి గింజ గట్టిగా, గుండ్రంగా ఉంటుంది. పాత టీని గుర్తుపట్టడానికి ఇదొక ఆనవాలు.

నిప్పు పెట్టడం

ఇక్కడి దాకా చేసిన టీ తాగడానికి పనికొస్తుంది, దాచడానికి పనికిరాదు. దాచే టీకి నిప్పు చూపించాలి. నా లెక్కలో ఊలాంగ్ పనితనం పరాకాష్ఠకు చేరేది ఇక్కడే.

ముందుగా కాడలు ఏరేస్తారు. ఆకు ఎండినా కాడలో తేమ దాగి ఉంటుంది, అదే తర్వాత టీని పాడుచేస్తుంది. తైవాన్‌లో బొగ్గు కాల్పుకు లాంగన్ చెట్టు బొగ్గు ఇష్టపడతారు. లాంగన్ లిచీకి దగ్గరి చుట్టం, దాని కర్ర గట్టిది, బొగ్గు నిలకడగా కాలుతుంది. గుంటలో బొగ్గు ముక్కల్ని సందులేకుండా కూరి, అంటించి, మంట, పొగ పూర్తిగా పోయేదాకా ఆగుతారు. పైన బూడిద కప్పుతారు. వేడి ఎక్కువైతే బూడిద ఇంకాస్త వేస్తారు, తక్కువైతే కాస్త తీస్తారు. మీట నొక్కితే తిరిగే ముల్లు అక్కడ లేదు. చేతి వెనుక భాగానికి తగిలే సెగే కొలత.

టీని నడుము సన్నగా ఉండే వెదురు బుట్టలో, మధ్యనున్న జల్లెడ మీద పరిచి ఆ గుంట మీద పెడతారు. ఆకును తిరగేయవలసి వచ్చిన ప్రతిసారీ బుట్టను గుంట మీద నుంచి ఎత్తి పక్కకు తీసుకెళ్లి తిరగేస్తారు. కారణం చిన్నది, ఫలితం పెద్దది. గుంట మీదే తిరగేస్తే రాలిన టీ నుసి నిప్పులో పడి పొగలేస్తుంది. ఆ పొగ టీకి పట్టిందంటే ఇంక ఎన్నేళ్లయినా వదలదు. ముప్పై ఏళ్ల తర్వాత తాగేవారికి పొగ వాసన తగలకూడదని, ఆ రాత్రి కొలిమి దగ్గర మనిషి పదేపదే లేచి బుట్ట మోస్తాడు.

మంచి కాల్పు ఒక్క విడతలో అవదు. కొన్ని గంటలు కాల్చి, చల్లార్చి, కొన్ని రోజులో వారాలో పక్కన పెడతారు. ఈలోగా ఆకు లోపల మిగిలిన తేమ నెమ్మదిగా పైకి వస్తుంది. మళ్లీ కాలుస్తారు. ఒకేసారి పెద్ద వేడి పెడితే పైపొర మాడి, తేమ లోపలే చిక్కుకుంటుంది. అలాంటి టీ కొన్నాళ్లు ఘాటుగా ఉండి తర్వాత పుల్లబడుతుంది. నిదానంగా కాల్చిన టీలో తేమ నూటికి మూడు నాలుగు పాళ్లకు దిగుతుంది. ఆకులోని అమైనో ఆమ్లాలు, చక్కెరలు వేడికి కలిసి వేయించిన గింజల, పాకం పట్టిన బెల్లం కమ్మదనాన్ని పుట్టిస్తాయి. రొట్టె కాలేటప్పుడూ, కాఫీ గింజ వేగేటప్పుడూ జరిగే మెయిలార్డ్ చర్య ఇదే.

అప్పుడే కాల్చిన టీని ఎవరూ వెంటనే తాగరు. నాలుక మీద నిప్పు సెగ తెలుస్తూ ఉంటుంది, గొంతు ఆరిపోతుంది. నెలలు గడిస్తే సెగ దిగుతుంది. ఏళ్లు గడిస్తే ఆ నిప్పు ఎక్కడిదో తెలియనంతగా ఆకులో కరిగిపోతుంది.

జాడీలో గడిచే ఏళ్లు

టీని పాతబెట్టడం అనగానే చాలామందికి యునాన్ రాష్ట్రపు పుయెర్ గుర్తొస్తుంది. దాని దారి వేరు. పుయెర్ పక్వం కావడానికి గాలి కావాలి, కొంత తేమ కావాలి, సూక్ష్మజీవులు కావాలి. ఊలాంగ్‌కు ఇవన్నీ శత్రువులే. అది పొడిగా, మూసి ఉంచిన చోట, చీకట్లో, తనలోని పదార్థాలతోనే మారాలి. మన ఇళ్లలో పాత బియ్యానికి ఉన్న మర్యాద తెలిసినవారికి ఈ సూత్రం కొత్తగా చెప్పనక్కర్లేదు. ధాన్యం బాగా ఎండి గాదెకెక్కితేనే ఏళ్లు గడిచేకొద్దీ అన్నం పొడిపొడిగా, కమ్మగా వస్తుంది. తడి మిగిలితే ముక్కిపోతుంది.

తైవాన్‌లో వాన ఎక్కువ, గాలిలో తేమ ఎక్కువ. అలాంటి చోట టీని పొడిగా ఉంచడం చిన్న పని కాదు. మట్టి జాడీలోనో రేకు డబ్బాలోనో అంచుదాకా నింపుతారు, లోపల గాలికి చోటు తక్కువ ఉండాలని. మూతి గట్టిగా మూస్తారు. వంటింటికి, దేవుడి గదిలోని అగరొత్తులకు, మందుల పెట్టెకు దూరంగా పెడతారు. టీ ఆకు చుట్టుపక్కల ఏ వాసన ఉన్నా పీల్చేసుకుంటుంది.

ఇక్కడ రెండు పద్ధతులున్నాయి. కొందరు రెండు మూడేళ్లకోసారి జాడీ తెరిచి మళ్లీ సన్నని సెగ చూపించి తేమ పోగొడతారు. కొందరు మొదటి కాల్పు గట్టిగా చేసి, తర్వాత ముట్టుకోకుండా వదిలేస్తారు. నా ఓటు రెండోదానికే. నిప్పు పెట్టిన ప్రతిసారీ తేమతో పాటు పరిమళమూ కొంత పోతుంది. చాలాసార్లు కాల్చిన టీ చివరికి బొగ్గు రుచి ఒక్కటే మిగుల్చుకుంటుంది, నీళ్లలో ఆకు విచ్చుకోవడం కూడా మానేస్తుంది. అయితే జాడీలో తేమ చేరి పులుపు తిరగడం మొదలైందని తెలిస్తే నిప్పు చూపించక తప్పదు. ఎప్పుడు ముట్టుకోవాలో, ఎప్పుడు ముట్టుకోకూడదో ముక్కుతో పసిగట్టడమే దాచేవారి విద్య.

ఈ ఏళ్లలో ఆకు లోపల ఏం జరుగుతుంది? టీలో వగరుకు కారణం కాటెకిన్‌లనే పదార్థాలు. నెమ్మదిగా అవి తగ్గుతాయి. కొన్ని విడిపోయి గాలిక్ ఆమ్లం పెరుగుతుంది. పాత ఊలాంగ్‌ను పరిశీలించిన తైవాన్ శాస్త్రవేత్తలు దీన్ని గుర్తించారు. తేలికగా ఎగిరిపోయే పూల పరిమళాలు వెళ్లిపోతాయి, బరువైన చెక్క, పండు పరిమళాలు మిగులుతాయి, కొత్తవి కొన్ని పుడతాయి. నాలుకను పట్టే గుణం పోయి నునుపు వస్తుంది.

గిన్నెలో

పాత డాంగ్‌డింగ్ ఎండు ఆకు చూపుకు ఆనదు. నలుపులో గోధుమరంగు కలిసి, మెరుపు లేకుండా ఉంటుంది. దాన్ని వేడినీళ్లతో కడిగిన చిన్న మట్టి కూజాలో వేసి మూతపెట్టి, కాసేపటికి తీసి వాసన చూడండి. మొదటి పలకరింపు అక్కడే దొరుకుతుంది. పాత చెక్క బీరువా, చందనం, వెనకాల ఎక్కడో కర్పూరం లాంటి చల్లదనం.

చైనీయులు గోంగ్‌ఫూ చా అనే పద్ధతి దీనికి సరిగ్గా సరిపోతుంది. వంద మిల్లీలీటర్ల కూజాకు ఆరేడు గ్రాముల ఆకు, బాగా మరిగిన నీళ్లు, చిన్న చిన్న కప్పులు. పచ్చటి టీలకు నీళ్లు కాస్త చల్లార్చాలి కానీ ఈ ఆకుకు ఆ మొహమాటం అక్కర్లేదు. నిప్పులో పుట్టింది, మరుగు నీళ్లకే తెరుచుకుంటుంది. ఒకసారి నీళ్లు పోసి వంచేసి, తర్వాత పది పదిహేను సెకన్ల నుంచి మొదలుపెట్టి విడత విడతకూ కాస్త సమయం పెంచుతూ పోవాలి.

మొదటి కప్పుల్లో రంగు ముదురు తేనె నుంచి ఎర్రటి గోధుమ దాకా ఉంటుంది. రంగు ఎంత ముదురుగా ఉన్నా అడుగు కనిపించేటంత తేటగా ఉండాలి. మసకగా ఉంటే ఎక్కడో తేమ తగిలిందన్నమాట. రుచిలో ముందు నిలిచేది ఎండు పండు. ఎండు రేగు, ఎండు ద్రాక్ష, ఎండబెట్టిన లాంగన్. వెంటనే సన్నని పులుపు గీత ఒకటి వచ్చి మాయమవుతుంది. ఆ గీత అలా ఉంటేనే తీపికి నిలకడ. పులుపే ముందు నిలిచి తీపి వెనకబడితే అది పాడైన టీ.

నడిమి విడతలు ఈ టీకి అసలు బలం. నాలుగో అయిదో కప్పుకు చెక్క వాసన వెనక్కి తగ్గి, కాచిన బెల్లపు కమ్మదనం నోరంతా పరుచుకుంటుంది. ద్రవం చిక్కగా, నూనె తాకినంత నునుపుగా జారుతుంది. వగరు ఎంత వెతికినా దొరకదు. మింగాక గొంతులో ఒక తీపి వెనక్కి తిరిగి వస్తుంది, మరో కప్పు పోసుకునేదాకా నిలుస్తుంది. కొత్త ఊలాంగ్ ముక్కుతో మొదలై నాలుకతో ముగుస్తుంది. పాత ఊలాంగ్ గొంతు దిగాక మొదలవుతుంది. ఒళ్లంతా మెల్లగా వెచ్చబడుతుంది. కడుపుకు ఇది సాధువైన టీ అని తైవాన్ పెద్దలు అనేది ఈ మెత్తదనాన్ని చూసే అయివుంటుంది.

పది విడతలు దాటినా నీళ్లు పలుచబడతాయి కానీ తీపి పోదు. చివర్లో ఆ ఆకునే కొంచెం నీళ్లలో వేసి సన్నని మంట మీద మరిగిస్తే ఇంకో రెండు కప్పుల రసం వస్తుంది. పిండిన ఆకును విప్పి చూడండి. మంచి పనితనం ఉన్న ఆకు ఇన్నేళ్ల తర్వాత కూడా వేళ్ల మధ్య సాగుతుంది, కాస్తయినా విచ్చుకుంటుంది.

వయసు ఎవరిది, రుచి ఎవరిది

పాత టీకి ధర పెరిగేసరికి దొంగ పాత టీ కూడా పెరిగింది. చవకైన టీని గట్టిగా మాడ్చి, నల్లబరిచి, ముప్పై ఏళ్లదని అమ్ముతారు. నోరు దాన్ని పట్టేస్తుంది. మాడిన టీ మొదటి రెండు కప్పుల్లోనే తన దగ్గరున్నదంతా చెప్పేసి మూడోదానికి ఖాళీ అవుతుంది. ఆకు నీళ్లలో బొగ్గు ముక్కలా ముడుచుకునే ఉంటుంది. నిజంగా పాతబడిన టీలో నిప్పు రుచి ముందుకు రాదు, విడత విడతకూ మరొక ముఖం చూపిస్తుంది.

అందుకే పాత ఊలాంగ్ కొనేవారు ఎన్నేళ్లదని అడగడం కంటే ఎలా కాల్చారు, ఎక్కడ దాచారు, మధ్యలో ఎన్నిసార్లు నిప్పు చూపించారు అని అడగడం మంచిది. నలభై ఏళ్ల నిర్లక్ష్యం కంటే పదిహేనేళ్ల శ్రద్ధ ఎన్నో రెట్లు రుచికరం. కొత్తగా రుచి చూడాలనుకునేవారు పది పదిహేనేళ్ల టీతో మొదలుపెడితే చాలు. డబ్బూ కలిసొస్తుంది, నోరూ నేర్చుకుంటుంది.

1980ల తర్వాత తైవాన్ రుచి మారింది. ఆలీషాన్, లీషాన్ వంటి ఎత్తైన కొండల మీద పండిన, తక్కువ మార్చి తక్కువ కాల్చిన పచ్చటి ఊలాంగ్‌కు గిరాకీ పెరిగింది. అవి అందమైన టీలే, పూల వాసనకు వాటికి సాటి లేదు. కానీ వాటిని గాలి తీసిన ప్యాకెట్లలో పెట్టి తాజాగా తాగాలి. జాడీలో ఏళ్లు గడపడానికి కావలసిన ఒడ్డూ పొడుగూ వాటికి లేవు. దాచదగ్గ టీ కావాలంటే ఆకును పండు వాసన దాకా తేవాలి, రాత్రుళ్లు బొగ్గు దగ్గర కూర్చోవాలి, అమ్మకుండా కొంత పక్కన పెట్టుకోవాలి. మూడూ ఖర్చుతో కూడినవే. లుగులో ఇప్పటికీ కొన్ని కుటుంబాలు ఈ పాత పద్ధతిని వదల్లేదు. కాల్చిన డాంగ్‌డింగ్‌ను అక్కడి పోటీలు ఇంకా గౌరవిస్తున్నాయి కాబట్టే అది నిలిచింది.

ఈ సంవత్సరం లుగులో కాల్చి జాడీకెత్తిన టీ దాని పూర్తి రుచికి వచ్చేసరికి, దాన్ని కాల్చిన మనిషి దగ్గర ఉండకపోవచ్చు. తాను తాగలేకపోయినా సరే, ఆకును ఒక్క రాత్రి కూడా తొందరపెట్టకుండా కాల్చేవాళ్లున్నంత కాలమే పాత ఊలాంగ్ ఉంటుంది. మన చేతికి అలాంటి టీ అందినప్పుడు దాని వయసుకు మురిసిపోవడం తేలిక. ఆ వయసు దాకా దాన్ని నిలబెట్టిన పనిని రుచిలో గుర్తుపట్టడం, దానికి తగిన ధర పెట్టి కొనడం, తాగేవారిగా మనం చేయగల పని.